కాయితం ముందు, టికెట్ తర్వాత: నాన్న తిరిగిన దారిని వెతికి పట్టుకోవడం ఎలా

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఏ పెద్ద కుటుంబాన్ని తీసుకున్నా ఊరు దాటి, సముద్రం దాటి తిరిగొచ్చిన మనిషి ఒక్కడైనా ఉంటాడు. కొందరు రంగం (బర్మాలోని రంగూన్) వెళ్లారు. కొందరు ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో, హుగ్లీ ఒడ్డు జూట్ మిల్లుల్లో బతికారు. కొందరు మిలట్రీ, కొందరు ఓడ. అరుగు మీద కూర్చుని వాళ్లు చెప్పిన కబుర్లు ఇంటిల్లిపాదికీ గుర్తుంటాయి గానీ తేదీలు ఎవరికీ గుర్తుండవు. మనిషి పోయి ఏడాది తిరిగాక పిల్లలకు ఆ దారిలో ఒకసారి వెళ్లి రావాలనిపిస్తుంది. వెంటనే కలకత్తాకో బొంబాయికో టికెట్లు తీస్తారు. డాక్ గేటు బయట ఫొటో దిగి వచ్చేస్తారు.

ఆ డబ్బు ఖర్చుపెట్టే ముందు ఇంట్లో ఉన్న కాయితాల మీద రెండు మూడు నెలలు కూర్చోండి. ఆయన నోటితో చెప్పింది ఎటు వెతకాలో చూపిస్తుంది, రుజువు మాత్రం కాదు. వేర్వేరు చేతుల్లో పుట్టిన రెండు కాయితాలు ఒకే తేదీ, ఒకే చోటు చెబితే అక్కడికి వెళ్లొచ్చు. ఒక్క కాయితమే ఉంటే ఇంకా వెతకాలి. కబురు ఒక్కటే ఉంటే దాన్ని రాసిపెట్టుకోండి, దాన్ని నమ్మి టికెట్ మాత్రం కొనకండి.

అమ్మ తిరిగిన దారిని వెతకడానికీ ఇదే పద్ధతి. పెళ్లికి ముందు ఇంటిపేరు, పెళ్లి తర్వాత ఇంటిపేరు రెండింటితోనూ వెతకాలి, అంతే తేడా.

పెట్టె తెరిచేటప్పుడు

రేకు ట్రంకు పెట్టె తెరవగానే అంతా మంచం మీద గుమ్మరించేస్తారు. అక్కడే సగం సమాచారం పోతుంది. ఏ కాయితం దేని పక్కన ఉందన్నది కూడా ఆధారమే. తేదీ లేని ఫొటో 1969 మనియార్డరు కూపన్ల కట్టలో ఉంటే, అది ఆ రోజులదే కావచ్చన్న అనుమానానికి చోటుంటుంది. అందుకని మూత తీయగానే పైనుంచి ఒక ఫొటో తీయండి. ఒక్కో పొర తీసేముందు ఇంకోటి. ఉత్తరాన్ని కవరు నుంచి విడదీయకండి. కవర్లకు వరస నంబర్లు వేయండి, అదీ 2బి పెన్సిల్‌తో. బాల్‌పెన్ను ఒత్తితే ఫొటో ముందు వైపు గీత తేలుతుంది.

మన తీరం గాలికి పిన్నులు, స్టేపుల్స్ తుప్పు పట్టి కాయితంలోకి దిగిపోతాయి. లాగితే చుట్టూ ఉన్న ముక్క ఊడొస్తుంది. పల్చటి ప్లాస్టిక్ షీటు ముక్కను పిన్ను కింద, కాయితానికి అటూ ఇటూ దూర్చి, కాళ్లు నిటారుగా చేసి, పైకి ఎత్తండి. చిరిగినచోట సెల్లోటేపు వేయకూడదు. పదేళ్లకు దాని జిగురు పసుపు మరకై అక్షరాల్ని మింగేస్తుంది. లామినేషన్ జోలికి అసలు పోవద్దు. వేడికి పాత సిరా కరుగుతుంది, ఉబ్బెత్తు ముద్ర అణిగిపోతుంది, కొన్ని ఆఫీసులు లామినేట్ చేసిన ఒరిజినల్‌ని తీసుకోనే తీసుకోవు. నాఫ్తలీన్ ఉండలు గుడ్డ సంచిలో కట్టి మూల పెట్టండి, ఫొటోలకు తగలనీయకండి.

జిగురు పేజీల పాత ఆల్బం నుంచి ఫొటో తీయాలంటే మైనం పూయని పళ్ల దారాన్ని ఫొటో వెనక రంపంలా మెల్లగా నడపాలి. ఫ్రేము అద్దానికి అతుక్కుపోయిన ఫొటోని పీకొద్దు. అద్దంతో సహా, పక్క నుంచి వెలుతురు పడేలా ఉంచి ఫొటో తీసుకోవడమే మేలు.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకూలిన సంగతే అందరికీ గుర్తుంది. ఇళ్లలో తడిసిన కాయితాల లెక్క ఎవరూ తీయలేదు. తుపాన్ల నేల మీద ఉన్నాం కాబట్టి ఇది తెలిసుండాలి: తడిసిన కాయితాలకు రెండు రోజుల్లో బూజు పట్టడం మొదలవుతుంది. ఎండలో వేస్తే ముడుచుకుపోతాయి, సిరా వెలిసిపోతుంది. నీడలో, ఫ్యాను గాలిలో, కింద తెల్ల బ్లాటింగ్ పేపరు వేసి ఆరబెట్టాలి. న్యూస్‌పేపరు వద్దు, దాని సిరా అంటుకుంటుంది. కట్టలు కట్టలు తడిసి ఒక్కసారిగా ఆరబెట్టలేకపోతే ప్లాస్టిక్ సంచుల్లో పెట్టి ఫ్రిజ్ ఫ్రీజర్‌లో పడేయండి. బూజు ఆగుతుంది, తీరిక దొరికినప్పుడు కొన్ని కొన్ని తీసి ఆరబెట్టుకోవచ్చు. ఒకదానికొకటి అంటుకున్న తడి ఫొటోలను ఆరనివ్వకండి. చల్లటి శుభ్రమైన నీళ్లలో నాననిచ్చి విడదీసి, బొమ్మ పైకి ఉండేలా ఆరబెట్టండి.

స్కానింగ్‌కి లెక్క: ఉత్తరాలు, సర్టిఫికెట్లు 300 డీపీఐ (అంగుళానికి చుక్కలు), చిన్న ఫొటోలు 600, నెగటివ్‌లు 1200కి తగ్గకుండా. రెండు వైపులా స్కాన్ చేయాలి, ఖాళీగా కనిపించినా సరే. స్టూడియో ముద్ర, పెన్సిల్‌తో రాసిన ఊరి పేరు వెనకే ఉంటాయి. వెలిసిపోయిన రబ్బరు స్టాంపు, ఉబ్బెత్తు ముద్ర మామూలు వెలుతురులో కనిపించవు. గది చీకటి చేసి, టార్చిని కాయితానికి దాదాపు సమంగా పక్కన పడుకోబెట్టి, నాలుగు దిక్కుల నుంచీ నాలుగు ఫొటోలు తీస్తే ఏదో ఒకదాంట్లో అక్షరం తేలుతుంది. ఫైలు పేరు ఏడాదితో మొదలెట్టండి: 1968-03-11, తర్వాత ఊరు, తర్వాత కవరు నంబరు. అప్పుడు కంప్యూటరే కాలక్రమంలో పేర్చి పెడుతుంది.

తేదీ లేని ఉత్తరానికి తేదీ కట్టడం

ఈ పనిలో అన్నిటికంటే రుచి ఇందులోనే ఉంది. పాత ఉత్తరాల్లో చాలావాటికి తెలుగు సంవత్సరం ఉంటుంది. ప్రభవ 1927లో మొదలైంది, మళ్లీ 1987లో. ఆ లెక్కన పరాభవ 1966-67, ప్లవంగ 1967-68, కీలక 1968-69. ఇక్కడే తప్పు దొర్లుతుంది. ఉగాది మార్చి, ఏప్రిల్‌లలో వస్తుంది కాబట్టి కీలక మాఘం అంటే 1968 కాదు, 1969 జనవరి-ఫిబ్రవరి. పుష్యం, మాఘం, ఫాల్గుణం కనిపించినప్పుడల్లా ఒక ఏడాది కలపాలేమో చూసుకోండి. ఖచ్చితమైన రోజు కావాలంటే ఆ ఏటి పంచాంగం దగ్గర పెట్టుకోవాలి.

తేదీ ఏమీ లేకపోతే సంబోధన చదవండి. నాయనమ్మకు రాసిన ఉత్తరం ‘మహాలక్ష్మీ సమానురాలైన’ అని మొదలైతే అప్పటికి తాత ఉన్నాడు. ‘గంగాభాగీరథీ సమానురాలైన’ అని మొదలైతే లేడు. తాత పోయిన నెల, తిథి తద్దినాన్ని బట్టి ఇంట్లో తెలుస్తాయి, ఏడాది విడిగా తేల్చుకోవాలి. ఆ ఒక్క మాటతో ఉత్తరాల కట్ట రెండుగా విడిపోతుంది. అత్త పేరుకు ముందు ‘చి.ల.సౌ.’ కనిపిస్తే పెళ్లి అయిపోయిందని అనుకోకండి, శుభలేఖలో పెళ్లికూతురికీ అలాగే రాస్తారు. దస్తావేజులో తండ్రి పేరు ముందు ‘కీ.శే.’ ఉందా లేదా అన్నదీ ఇలాంటి గుర్తే. చావు కబురు కార్డులు మాత్రం పెట్టెలో వెతక్కండి. ‘అశుభం’ అని రాసున్న కార్డుని చదివి అక్కడికక్కడే చింపేసేవారు, ఇంట్లో పెట్టుకునేవారు కాదు.

తర్వాత చిరునామా. పిన్‌కోడ్ 1972 ఆగస్టు 15న వచ్చింది. 532తోనో 535తోనో మొదలయ్యే నంబరు కవరు మీద ఉంటే ఆ తర్వాతదే. అయితే అలవాటు లేక పిన్ రాయనివాళ్లు తర్వాతా చాలామంది ఉన్నారు, కాబట్టి పిన్ లేకపోవడం దేనికీ రుజువు కాదు. స్టాంపు మీద నయా పైసలు అని ఉంటే 1957 ఏప్రిల్ తర్వాతది. శ్రీకాకుళం జిల్లా 1950 ఆగస్టులో పుట్టింది, విజయనగరం జిల్లా 1979 జూన్ 1న. 1936 ఏప్రిల్‌కి ముందు ఇప్పటి శ్రీకాకుళం, టెక్కలి, సోంపేట వైపు ఊళ్లు గంజాం జిల్లాలో ఉండేవి. 2022 ఏప్రిల్‌లో పాలకొండ పార్వతీపురం మన్యం జిల్లాలోకి, రాజాం విజయనగరం జిల్లాలోకి వెళ్లాయి. కాబట్టి ఒకే ఊరు పెట్టెలో మూడు జిల్లాల పేర్లతో కనిపించినా కంగారు పడొద్దు.

కవరు మీద రెండు పోస్టు ముద్రలుంటాయి. స్టాంపు మీద పడింది పంపిన ఊరు, వెనక పడింది చేరిన ఊరు. మధ్యలో ఎన్ని రోజులు పట్టిందో చూస్తే ఉత్తరం ఎంత దూరం నుంచి వచ్చిందో కొంత తెలుస్తుంది. మనియార్డరు కూపన్ పారేయకండి. కింద ఆ నాలుగు గీతల ఖాళీలో రాసే రెండు ముక్కలు, పంపినవాడి చిరునామా ఉత్తరాల్లో కూడా దొరకవు. విదేశంలో ఉండి పొలం కొన్నవాళ్లయితే రాయబార కార్యాలయంలో సంతకం పెట్టిన పవరాఫ్ అటార్నీ (తన బదులు ఇంకొకరికి అధికారం ఇచ్చే కాయితం) ఉంటుంది. ఆ రోజు ఆ ఊళ్లో ఆయన ఉన్నాడనడానికి అంతకంటే గట్టి కాయితం లేదు.

వీటన్నిటికీ గీతల నోటుబుక్కులో అయిదు గళ్లు గీయండి: తేదీ, చోటు, పని, ఆధారం, నమ్మకం. నమ్మకం గడిలో మూడే మాటలు: ‘ముద్రించింది’, ‘చేత్తో రాసింది’, ‘చెప్పింది’. కంప్యూటర్ షీటు తర్వాత చేసుకోవచ్చు. పెద్దవాళ్ల దగ్గరకు పట్టుకెళ్లి ‘ఇదిగో చూడు’ అనడానికి నోటుబుక్కే పనికొస్తుంది.

పేరు తెచ్చే తిప్పలు

మన వైపు పేర్లు అప్పన్న, అప్పలస్వామి, సన్యాసి, పైడిరాజు, సూర్యనారాయణ, కూర్మారావు. సింహాచలం, అరసవల్లి, శ్రీకూర్మం, పైడితల్లి అమ్మవారు కలిసి రెండు జిల్లాలకూ ఇవే పేర్లు పంచిపెట్టారు. ఒకే ఓడలో ఇద్దరు అప్పలస్వాములు ఉండటం వింత కాదు. పైగా కలకత్తా గుమాస్తా చెవికి ఎలా వినబడితే అలా ఇంగ్లీషులో ఎక్కించాడు: అప్పల్సామి, అప్లాస్వామి, ఏపీ స్వామి. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, ఒకచోట పొడి అక్షరం, ఇంకోచోట అసలు లేదు. వెతకడానికి ముందే సాధ్యమైన రూపాలన్నీ ఒక పేజీ మీద రాసుకోండి. ఎనిమిది పదికి తగ్గవు. అది మీ నాన్నేనా అన్నది తేల్చేది పేరు కాదు. తండ్రి పేరు, ఊరు, పుట్టుమచ్చలు మూడూ కలవాలి. పాత సర్వీసు పుస్తకాల్లో పుట్టుమచ్చల వివరం ఉండేది అందుకే.

పుట్టిన తేదీని నమ్మకండి. జులై 1 అని ఉంటే అది బడిలో మాస్టారు వేసిన తేదీ అని తొంభై పాళ్లు అనుకోవచ్చు. అసలు తేదీ జాతకచక్రంలో ఉంటుంది. వెతికేటప్పుడు మాత్రం మాస్టారి తేదీనే వాడండి, ఆఫీసుల్లో ఉన్నది అదే.

ఊళ్ల పేర్లూ అంతే. పాత కాయితాల్లో శ్రీకాకుళం చికకోల్, భీమిలి బిమ్లిపటం, కళింగపట్నం కళింగపటం. ఆమదాలవలస స్టేషను చికకోల్ రోడ్. కంప్యూటర్‌లో వెతికేటప్పుడు ఆ రూపాలు కొడితేనే ఏదైనా వస్తుంది.

ఓడ మనిషి కాయితాలు

ఓడ మీద చేసినవాళ్లకు సీడీసీ (కంటిన్యువస్ డిశ్చార్జ్ సర్టిఫికెట్, ఓడ మనిషి సర్వీసు పుస్తకం) అని ముదురు అట్ట పుస్తకం ఉంటుంది. ఇంట్లో పాస్‌పోర్ట్ అనుకుని పక్కన పెట్టేస్తారు. పాస్‌పోర్ట్ కంటే ఇది వంద రెట్లు విలువైనది. ప్రతి ఓడకూ ఒక వరస: ఓడ పేరు, దాని అధికారిక నంబరు, ఎక్కిన తేదీ, రేవు, దిగిన తేదీ, రేవు, చేసిన పని, ప్రయాణం విదేశీయా తీరం వెంబడా, చివర పనితనం, నడవడి మీద ముద్రలు. ‘వీజీ’ అని ఉంటే వెరీ గుడ్. ముద్ర వేయడానికి కెప్టెన్ నిరాకరించినట్టు రాసుంటే గొడవ జరిగిందన్నమాట. దాన్ని ఇంట్లో పెద్దగా చదవకండి, ముందు నోటుబుక్కులో ఎక్కించండి.

ఒక వరసను ఎలా చదవాలో చూడండి. ఎక్కింది కలకత్తా, 1968 మార్చి. దిగింది బొంబాయి, 1968 డిసెంబరు. విదేశీ ప్రయాణం. దీన్నుంచి ఆయన లండన్ చూశాడని చెప్పలేం. తొమ్మిది నెలలు ఆ ఓడ మీద ఉన్నాడు, అంతవరకే తెలిసింది. ఏయే రేవులు తాకిందో ఓడను వెతికి తెలుసుకోవాలి. ఇంకో సంగతి, సూయజ్ కాలువ 1967 జూన్ నుంచి 1975 జూన్ దాకా మూతబడి ఉంది. ఆ ఎనిమిదేళ్లలో ఐరోపా వెళ్లిన ఓడ ఆఫ్రికా చుట్టూ తిరగాల్సిందే. కాబట్టి ‘1970లో సూయజ్ దాటాం’ అని ఆయన చెప్పి ఉంటే ఏడాది అయినా తప్పు, కాలువ అయినా తప్పు. కబుర్లను సరిచూసుకోవడానికి ఇలాంటి మేకులు నాలుగు ఉంటే చాలు.

రెండు వరసల మధ్య ఖాళీ ఉంటుంది చూశారా, ఆ నెలల్లో ఆయన ఇంట్లో ఉన్నాడు, లేదా రేవులో పని కోసం కాచుకుని ఉన్నాడు. పిల్లల పుట్టినరోజులు ఈ ఖాళీలతో సరిపోల్చితే తేదీలు భలే కుదురుతాయి.

సారంగు, టిండాల్, సుకానీ, భండారీ, తేల్‌వాలా, ఆగ్‌వాలా, టోపాస్ అన్నవి పనుల పేర్లు. సారంగు డెక్ మనుషుల పెద్ద, టిండాల్ ఆయన కింద. సుకానీ చుక్కాని పట్టేవాడు, భండారీ వంటవాడు, తేల్‌వాలా ఇంజనుకు నూనె పోసేవాడు, ఆగ్‌వాలా బాయిలర్ దగ్గర నిప్పు చూసేవాడు, టోపాస్ ఊడ్చేవాడు. ‘కెప్టెన్‌గా చేశాడు’ అని ఊళ్లో చెప్పుకున్న మనిషి పుస్తకంలో తేల్‌వాలా అని తేలడం మామూలే. ఇంజను గది వేడిలో ఏళ్ల తరబడి నిలబడ్డ మనిషిని తక్కువ చేసి చూడాల్సిన పనేం లేదు.

పుస్తకం పోయి ఓడ పేరు సగమే గుర్తుంటే, పేరు మొదటి ముక్క కంపెనీని చెబుతుంది. ‘జల’ అని మొదలైతే సింధియా. 1948 మార్చి 14న విశాఖలో నెహ్రూ నీళ్లలోకి దింపిన ‘జల ఉష’ వాళ్లదే. ‘విశ్వ’ అయితే 1961లో ఏర్పడ్డ షిప్పింగ్ కార్పొరేషన్, ‘జగ్’ అయితే గ్రేట్ ఈస్టర్న్. ఒకే పేరుతో రెండు మూడు ఓడలు వేర్వేరు కాలాల్లో తిరిగాయి కాబట్టి కట్టిన సంవత్సరం చూడకుండా ఫొటో డౌన్‌లోడ్ చేసి ఫ్రేము కట్టించకండి. ఈ పొరపాటు చాలా ఇళ్ల గోడల మీద వేలాడుతోంది. 1960ల తర్వాతి ఓడయితే ఏడంకెల ఐఎంఓ (అంతర్జాతీయ నౌకాయాన సంస్థ) నంబరు పట్టుకోండి. ఓడ చేతులు మారి పేరు మారినా ఆ నంబరు మారదు. 1983 తర్వాత చాలా ఓడలు గుజరాత్‌లోని అలంగ్ తీరంలో తుక్కుగా మారిపోయాయి. ఓడ దగ్గరకి వెళ్లే ఆశ వదులుకోండి, రేవుల దగ్గరకే వెళ్లగలం.

ఓడ కదలికలకు పాత పత్రికలు మంచి ఆధారం. ఆస్ట్రేలియా జాతీయ గ్రంథాలయం వారి ట్రోవ్ వెబ్‌సైటులో 1954 దాకా పత్రికలు దండిగా ఉన్నాయి, ఉచితం. సింగపూర్ జాతీయ గ్రంథాలయానికీ ఇలాంటిదే ఉంది. ఓడ పేరు కొట్టి, ఏడాది బిగించి వెతికితే ఏ రోజు రేవులో ఉందో వస్తుంది. బ్రిటిష్ జెండా ఓడ అయితే కెనడాలో న్యూఫౌండ్‌లాండ్ మెమోరియల్ యూనివర్సిటీలోని మారిటైమ్ హిస్టరీ ఆర్కైవ్‌కు రాయండి. 1863-1938, 1951-1976 మధ్య సిబ్బంది జాబితాల్లో సుమారు 70 శాతం వాళ్ల దగ్గరే ఉన్నాయి. అవి మనిషి పేరు మీద కాదు, ఓడ అధికారిక నంబరు, సంవత్సరం మీద పేర్చి ఉంటాయి. ఆ రెండూ లేకుండా రాస్తే జవాబు రాదు.

రంగం వెళ్లినవాళ్లు

కళింగపట్నం, భీమిలి, బారువ రేవుల నుంచి స్టీమర్లు రంగానికి నడిచిన రోజుల కాయితాలు తక్కువ. చాలామంది కూలీలను తీసుకెళ్లే మేస్త్రీ చేతి కింద వెళ్లారు, పేరు మేస్త్రీ చిట్టాలోనే ఉంటుంది. 1937 ఏప్రిల్ 1న బర్మా ఇండియా నుంచి విడిపోయింది, అందాకా అది పరదేశం కూడా కాదు. 1941 డిసెంబరు 23న రంగూన్ మీద బాంబులు పడ్డాయి, 1942 మార్చి 8న నగరం జపాన్ చేతికి పోయింది. ఆ మధ్య నెలల్లో జనం ప్రోమ్ మీదుగా అరకాన్ వైపు, తము మీదుగా ఇంఫాల్ వైపు నడిచారు. ‘నడిచొచ్చాం’ అని ఇంట్లో చెప్పుకుంటే ఏ దారిన వచ్చారో తేల్చడానికి ఒక్క ప్రశ్న చాలు: చివర్లో పడవ ఎక్కారా, రైలు ఎక్కారా? పడవ అయితే అరకాన్, చిట్టగాంగ్ వైపు అయి ఉండే అవకాశం ఎక్కువ.

రెండో అల 1964ది. 1962 మార్చిలో నే విన్ అధికారం పట్టాక దుకాణాలు జాతీయం చేశారు. 1964 మేలో 50, 100 చాట్ నోట్లు చెల్లవన్నారు. విశాఖ కంచరపాలెంలో బర్మా క్యాంపు అనే పేట ఉన్నది ఆ తిరిగొచ్చినవాళ్ల వల్లే. పెట్టె అడుగున బర్మా నోట్లు దొరికితే ఏ కాలానివో చూడండి. జపాన్ ప్రభుత్వం పేరుతో, ‘బి’ అక్షరంతో మొదలయ్యే రూపాయి నోటు 1942-45 నాటిది. ఆ నోటు ఉందంటే అది దాచినవాళ్లు యుద్ధంలో బర్మాలోనే ఉండిపోయి ఉండొచ్చు, నడిచి వచ్చినవాళ్ల మూటలో అది ఉండదు.

నేషనల్ ఆర్కైవ్స్ వారి అభిలేఖ్ పటల్ వెబ్‌సైటులో పేరు నమోదు చేసుకుంటే 1941-44 నాటి ప్రవాస భారతీయుల శాఖ ఫైళ్లు ఇంట్లోంచే చదవొచ్చు. మనిషి పేరుతో వెతికితే ఏమీ రాదు. ‘బర్మా ఎవాక్యూయీస్’, జిల్లా పాత పేరు, రేవు పేరు కొట్టండి. 1936కి ముందు మన జిల్లాల రికార్డులకు చెన్నై ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్ కూడా చూడాలి.

మిలట్రీ, రైల్వే

ఇవి కొంచెం సులువు. మిలట్రీ అయితే మెడల్ అంచు చుట్టూ భూతద్దంతో చూడండి, నంబరు, పేరు చెక్కి ఉంటాయి. ఆ నంబరుతో రెజిమెంట్ రికార్డ్స్ ఆఫీసుకు రాయాలి. మద్రాస్ రెజిమెంట్‌కు వెల్లింగ్టన్, మద్రాస్ ఇంజనీర్లకు బెంగళూరు. ఏ ఆఫీసో తెలియకపోతే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగండి. ‘పూర్వీ స్టార్’ మెడల్ ఉంటే 1971 యుద్ధంలో తూర్పు వైపు ఉన్నాడన్నమాట. ఐక్యరాజ్యసమితి మెడల్ ఉంటే కథ ఇంకా దూరం వెళ్తుంది: మన దళాలు గాజాలో 1956 నుంచి 1967 దాకా, కాంగోలో 1960 నుంచి 1963 దాకా ఉన్నాయి.

రైల్వే మనిషికి ఒకే కుర్చీలో ఉండగానే కంపెనీ మారుతూ వచ్చింది. 1944 దాకా బెంగాల్ నాగపూర్ కంపెనీ, తర్వాత ప్రభుత్వం. 1952లో ఈస్టర్న్, 1955లో సౌత్ ఈస్టర్న్, 2003 నుంచి ఈస్ట్ కోస్ట్. పెన్షన్ కాయితం మీద ఏ జోన్ ఉందో ఆ జోన్‌కే రాయండి.

ఆఫీసుకు రాసేటప్పుడు

ముందు మామూలు ఉత్తరం, స్పీడ్ పోస్టులో. నెల దాటినా ఉలుకూ పలుకూ లేకపోతే సమాచార హక్కు దరఖాస్తు. కేంద్ర ఆఫీసులకు రుసుము ₹10, గడువు 30 రోజులు, జిరాక్సు పేజీకి ₹2. వ్యక్తిగత సమాచారం అని తిప్పి పంపడం అలవాటు కాబట్టి మరణ ధ్రువీకరణ పత్రం, తహసీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, మీ ఆధార్ నకలు మొదటే జతచేయండి. తిప్పి పంపితే 30 రోజుల్లోపు మొదటి అప్పీలు వేయాలి.

‘మా నాన్నగారి వివరాలన్నీ ఇవ్వగలరు’ అని రాస్తే ‘లభ్యం కాలేదు’ అని ఒక్క ముక్క వస్తుంది. నంబరు, ఏడాది, కావలసిన పుస్తకం పేరు రాయండి. పలానా సీడీసీ నంబరు కింద, పలానా ఏడాది నుంచి పలానా ఏడాది దాకా ఉన్న నమోదుల నకలు కావాలని అడగండి. ఒక దరఖాస్తులో ఒకే సంగతి. రికార్డు నాశనం చేశామంటే, ఏ ఉత్తర్వు ప్రకారం, ఏ తేదీన అని ఇంకో దరఖాస్తు వేయండి. ఆ ప్రశ్నకు భయపడి బీరువా తీసేవాళ్లూ ఉన్నారు.

పెద్దవాళ్లని అడగడం

అన్నిటికంటే వయసు మీరినవాళ్ల దగ్గరకు ముందు వెళ్లండి, ఆఫీసులు ఆగుతాయి. పొద్దున్న టిఫిన్ అయ్యాక గంటసేపు, అంతకు మించి కాదు. ఖాళీ చేతులతో వెళ్లి ‘నాన్న గురించి చెప్పండి’ అంటే పొగడ్త వస్తుంది, సమాచారం రాదు. నాలుగు ఫొటోలు పోస్టుకార్డు సైజులో కడిగించి చేతిలో పెట్టండి.

‘ఎప్పుడు?’ అని అడగొద్దు. ‘మావా, నాన్న ఓడెక్కింది పెద్దప్ప పెళ్లికి ముందా, పెళ్లయ్యేకా?’ అని అడగండి. ‘పెళ్లికి లేడురా, నేనే కదా కాళ్లు కడిగేను’ అన్న జవాబులో తేదీ ఉంది. ఫోన్‌లో రికార్డు చేసేముందు చెప్పి చేయండి. ఫోన్ కట్టేశాక గుమ్మం దగ్గర చెప్పేవే అసలైనవి, బయటికి రాగానే రాసుకోండి.

రంగంలోనో రేవులోనో ఇంకో సంసారం ఉందన్న సంగతి ఈ వెతుకులాటలో బయటపడవచ్చు. అది అరుదేం కాదు. పని మొదలుపెట్టకముందే అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ కూర్చుని, అలాంటిది దొరికితే అమ్మకు చెప్పాలా, ఎవరు చెప్పాలి అన్నది తేల్చుకోండి. అర్థం కాని లిపిలో ఉత్తరం కనిపిస్తే కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. నమ్మకమైన ఒక్కరి చేత చదివించుకోండి.

ఇక ప్రయాణం

నోటుబుక్కులో రెండు ఆధారాలు ఉన్న చోట్లు మూడు నాలుగు తేలతాయి. దగ్గరదానితో మొదలెట్టండి. కళింగపట్నంలో వంశధార సముద్రంలో కలిసేచోట, బారువలో, భీమిలిలో ఒక్కో పూట గడిపితే పద్ధతి చేతికొస్తుంది, తప్పు చేసినా బస్సు చార్జీతో పోతుంది.

ఒరిజినల్ కాయితాలు ఇంట్లోనే ఉండాలి. తీసుకెళ్లాల్సినవి జిరాక్సులు, ఫొటో ప్రింట్లు, నోటుబుక్కు. ఆఫీసు పనుంటే సోమవారం, శుక్రవారం కాకుండా మధ్య రోజులు చూసుకోండి. కలకత్తాకైతే దసరా రోజులు అసలు వద్దు. డాకుల్లోకి అనుమతి లేనిదే పోనివ్వరు, లోపల ఫొటోలు తీయనివ్వరు, కాపలావాళ్లతో వాదించి లాభం లేదు. నీటి మీద నుంచి చూడొచ్చు. కలకత్తాలో హుగ్లీ మీద ఫెర్రీ, బొంబాయిలో భావూచా ధక్కా నుంచి లాంచీ ఎక్కితే ఆయన చూసిన వైపు నుంచే రేవు కనిపిస్తుంది. బర్మా మాట వేరు. 2021 ఫిబ్రవరిలో సైన్యం అధికారం పట్టినప్పటి నుంచి అక్కడ పోరు నడుస్తోంది, మణిపూర్ వైపు కూడా 2023 మే నుంచి శాంతి లేదు. 1942 నడకదారుల్లో వెళ్లాలన్న కోరికని ప్రస్తుతానికి పక్కన పెట్టి, విదేశాంగ శాఖ సూచనలు చూసుకుంటూ ఉండండి. వెళ్లగలిగిన రోజున పాత వీధి పేర్లు పనికిరావు: ఫ్రేజర్ స్ట్రీట్ ఇప్పుడు అనవ్రత రోడ్డు, ఫేయిర్ స్ట్రీట్ ఇప్పుడు పన్సొడన్.

పాత ఫొటో తీసిన చోటునే పట్టుకోవాలంటే ఫొటోలో దగ్గరున్న వస్తువు ఒకటి, దూరంగా ఉన్నది ఒకటి ఎంచుకోండి: మెట్ల స్తంభం, దాని వెనక గోపురం. అవి ఒకదాన్నొకటి ఎంత కప్పుతున్నాయో చూడండి. మీరు కుడికి జరిగితే స్తంభం గోపురం మీద ఎడమకు జరుగుతుంది. ఫొటోలో ఉన్నంత కప్పేదాకా జరగండి. తర్వాత ముందుకూ వెనక్కూ నడుస్తూ సైజు సరిచూడండి. ఫోన్ మామూలు కెమెరా ఎక్కువ వెడల్పు చూపిస్తుంది, పాత కెమెరాలకు దగ్గరగా రావాలంటే 2ఎక్స్ పెట్టాలి. కట్టడాలన్నీ మారిపోతే కొండ అంచు గీతనో, నది ఒడ్డు వంపునో పట్టుకోండి. నీడ ఎటు పడిందో చూస్తే పొద్దున్నా సాయంత్రమా తెలుస్తుంది, ఆ వేళకే వెళ్లండి.

అక్కడ మాట్లాడే భాషలో ఒక కార్డు ముద్రించుకుని పెట్టుకోండి: ఫొటో, పేరు, ఏ ఏట ఏ పని చేశాడో, మీ ఫోన్ నంబరు. టీ కొట్టు దగ్గర, గుడి దగ్గర, యూనియన్ ఆఫీసులో ఇచ్చి రండి. ఫోను వస్తే నెలల తర్వాత వస్తుంది, అదీ తెలియని నంబరు నుంచి.

తిరిగొచ్చిన వారంలోపు నోటుబుక్కు సరిచేయండి. ‘చెప్పింది’ అని ఉన్నవాటిలో ఏవి నిలిచాయో, ఏవి కొట్టేయాలో తేలుతుంది. కొట్టేసినవాటిని చెరిపేయకుండా ఒక్క గీత గీసి, ఎందుకు కొట్టేశారో పక్కన రాయండి. లేకపోతే మీ తర్వాతివాళ్లు అదే కబురు పట్టుకుని మళ్లీ అదే గేటు దగ్గరకు వెళ్తారు. స్కాన్‌లు మూడు చోట్ల ఉండాలి: ఒక హార్డ్‌డిస్క్ మీ దగ్గర, ఒకటి తీరానికి దూరంగా ఉన్న బంధువు ఇంట్లో, ఇంకో కాపీ ఇంటర్నెట్‌లో. కవర్ల నంబర్ల జాబితా కాయితం మీద అచ్చు తీసి ట్రంకు మూత లోపల అతికించండి.